డిక్కీలో ఒక సంచి



వానలు మొదలయ్యాయి. పిల్లల్ని హాస్టల్లో దించి రావడం, ఊళ్లో పెద్దవాళ్లను చూసి రావడం, శ్రావణంలో పెళ్లిళ్లు... కారు తీయక తప్పని ప్రయాణాలన్నీ ఈ నెలల్లోనే పడతాయి. అందుకని ఈసారి ఉత్తరం కారు గురించి రాస్తున్నాను. సరిగ్గా చెప్పాలంటే, దారిలో కారు ఆగిపోతే అందులో ఉన్న మనుషుల గురించి.

2024 సెప్టెంబరు 1 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముందురోజు నుంచీ కుండపోత. మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిని ముంచేసింది. ఎటు బండ్లు అటే నిలిచిపోయాయి. అంతకు ముందు ఏడాది జూలైలోనూ అదే చోట అదే ఏరు అదే రోడ్డును మూసేసింది. నాలుగు వరసల రోడ్డు, దారి పొడవునా హోటళ్లు, పెట్రోలు బంకులు. నాలుగైదు గంటల్లో దాటేసే దారి కదా అని మంచినీళ్ల సీసా కూడా లేకుండా బయల్దేరే రోడ్డు అది. ఇక సంక్రాంతికి అదే దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర ఎంతెంత దూరం బండ్లు బారులు తీరతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇలా చిక్కుబడినప్పుడు కారుకేమీ కాదు. ట్యాంకులో పెట్రోలుంటుంది, ఇంజిన్ బాగుంటుంది. అవస్థ పడేది వెనక సీట్లో ఉన్న షుగరు జబ్బు మనిషి, పాలకు ఏడ్చే పసిబిడ్డ, దిగడానికి చోటు లేక బిగబట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు. స్టెప్నీ, జాకీ, వీల్ పానా, ఎర్ర త్రికోణం, చిన్న ఫస్ట్ ఎయిడ్ పెట్టె... బండికి కావలసినవి కంపెనీవాళ్లు ఇచ్చే ఉంటారు. మనుషులకు కావలసినవి మనమే పెట్టుకోవాలి. ‘ఎమర్జెన్సీ కిట్’ అని పేరు పెట్టి అమ్మే పెట్టెలున్నాయి, కొనుక్కోవద్దనను. కానీ మీ కారులో ఎవరెవరు ఎక్కుతారో ఆ పెట్టె కట్టినవాళ్లకు తెలియదు. అందుకే ముందు ఒక గట్టి గుడ్డ సంచి తీసుకుని, ఇంట్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలచుకుంటూ నింపండి.

మొదట నీళ్లు. మనిషికి రెండు లీటర్లయినా ఉండాలి, వేసవిలో ఇంకా ఎక్కువ. అయితే మన ఎండల సంగతి మరచిపోకూడదు. బయట నలభై దాటిన రోజున, ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల అరవై డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ వేడిలో వారాల తరబడి మగ్గిన ప్లాస్టిక్ సీసా నీళ్లు తాగబుద్ధి కాదు, తాగకపోవడమే మంచిది. తాగే నీళ్లు బయల్దేరే రోజున స్టీలు సీసాల్లో పట్టుకోండి. కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి మాత్రం అయిదు లీటర్ల క్యాను ఒకటి డిక్కీలో ఎప్పుడూ ఉంచండి. వాటితో నాలుగైదు ఓఆర్ఎస్ పొట్లాలు. అవి లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

తిండి విషయంలో మన వంటింటిని మించింది లేదు. అటుకులు, పుట్నాలు, బెల్లం, పల్లీ చిక్కీ. ఇవి నీళ్లడగవు, పొయ్యి అడగవు. జంతికలు, కారప్పూస లాంటివి సంచిలో నిల్వ ఉంచకండి, ఆ వేడికి నూనె వాసన మారిపోతుంది. బయల్దేరే రోజు వేసుకుంటే సరిపోతుంది. షుగరుకు మందులు వాడేవాళ్లు తోడుంటే చక్కెర గానీ గ్లూకోజు పొడి గానీ చేతికందేలా పెట్టండి. భోజనం వేళ తప్పి చెమటలు పట్టి చేతులు వణుకుతున్నప్పుడు డిక్కీ తెరిచి వెతుక్కునే వ్యవధి ఉండదు. మందులు మాత్రం కారులో నిల్వ పెట్టవద్దు. ముఖ్యంగా ఇన్సులిన్ ఆ వేడికి పనికిరాకుండా పోతుంది. రెండు రోజులకు సరిపడా అదనంగా ప్రతి ప్రయాణానికీ చేతిసంచిలో తీసుకెళ్లాలి, తిరిగి ఇంట్లోకి తెచ్చేయాలి.

ఇప్పుడు చాలామంది రాయడానికి మొహమాటపడే సంగతి. మన ఇళ్లలో ఆడవాళ్లు ప్రయాణమంటే ముందు రోజు నుంచే నీళ్లు తగ్గించేస్తారు. దారిలో ఎక్కడ దిగాలన్నది వాళ్ల భయం. ఎండలో ఆ అలవాటు ఎంత చేటు చేస్తుందో వేరే చెప్పాలా? అందుకే సంచిలో ఒక పాత నూలు చీర తప్పకుండా పెట్టండి. ఇద్దరు చెరో కొంగు పట్టుకుంటే పొలం గట్టు మీద కూడా నిశ్చింతగా మరుగు దొరుకుతుంది. అదే చీర ఎండకు అద్దం మీద కప్పవచ్చు, రాత్రి పిల్లలకు కప్పవచ్చు, చెయ్యి విరిగితే మెడకు వేలాడదీసి కట్టవచ్చు. దానితో పాటు శానిటరీ ప్యాడ్లు, పాత న్యూస్ పేపర్లు, నల్ల కవర్లు, ఒక సబ్బు. సంచిలో ఇవి ఉన్నాయని ఆడవాళ్లకు ముందే చెప్పండి. ఉన్నాయని తెలిస్తే నీళ్లు తాగుతారు.

కొన్ని వస్తువులు డిక్కీలో ఉంటే లేనట్టే లెక్క. టార్చిలైటు, అద్దం పగలగొట్టే చిన్న సుత్తి, సీటు బెల్టు కోసే కత్తి, చిన్న అగ్నిమాపక సిలిండరు. ఇవి డ్రైవరు సీట్లోంచి కదలకుండా అందాలి. సుత్తితో ముందు అద్దాన్ని కొట్టి లాభం లేదు. అది రెండు పొరల మధ్య పలచటి ప్లాస్టిక్ పెట్టి అతికించిన గాజు, పగిలినా ఊడిరాదు. పక్క అద్దాన్ని, అదీ మూల దగ్గర కొట్టాలి. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా అతికించిన గాజువే వస్తున్నాయి. మీ అద్దం మూలన ముద్రించిన అక్షరాలు చూడండి, లేదా షోరూములో అడగండి. కారు నీళ్లలో పడితే తలుపు తెరవాలని పెనుగులాడవద్దు. పవర్ విండోలు పనిచేస్తుండగానే అద్దాలు దించి, బెల్టు విప్పుకుని, పిల్లల్ని ముందు బయటికి తోసి కిటికీలోంచి రావాలి.

అయితే వాగు దగ్గర ఏ సంచీ కాపాడదు. ఇది గట్టిగా చెప్పాలనే ఇంత దూరం వచ్చాను. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే, అడుగు లోతే కదా అనిపించినా వెనక్కి తిప్పేయండి. పారే నీరు అడుగు లోతుంటే చాలు, చిన్న కారు తేలడం మొదలుపెడుతుంది. రెండడుగులుంటే పెద్ద బండ్లనూ లాక్కుపోతుంది. పైగా ఆ నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి కనిపించదు. ముందు బండి దాటింది కదా అని వెళ్లి కారుతో సహా కొట్టుకుపోయినవాళ్ల వార్తలు ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం. నిలవ నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయవద్దు. లోపలికి చేరిన నీరు ఇంజిన్‌ను విరగ్గొడుతుంది.

బండి సామాను గురించి రెండు మాటలు. స్టెప్నీ ఉందనుకుంటాం గానీ అందులో గాలి చూసేవాళ్లు తక్కువ. నెలకోసారి మిగతా నాలుగింటితో పాటు చూపించండి. కొన్ని కొత్త కార్లకు అసలు స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తారు, కాబట్టి డిక్కీ అడుగున ఏముందో ఒకసారి చూసుకోండి. గ్యారేజీలో గాలి గన్నుతో బిగించిన బోల్టులు చేతి పానాకు తేలిగ్గా లొంగవు. జాకీ ఎక్కించకముందే, చక్రం నేలమీద ఉండగానే వాటిని వదులు చేయాలి. జాకీ కింద వేయడానికి జానెడు చెక్క పలక ఒకటి పెట్టుకోండి. వానకు తడిసిన నల్లరేగడి రోడ్డు వారన జాకీ పైకి లేవదు, మట్టిలోకి దిగిపోతుంది. జంపర్ కేబుళ్లు, లాగే తాడు కూడా ఉంటే మంచిది.

బండి ఆగిందంటే ఎర్ర త్రికోణాన్ని కనీసం యాభై మీటర్లు వెనక, వచ్చే బండ్లకు కనిపించేలా పెట్టాలి. దాన్ని పట్టుకుని నడిచే మనిషి ఒంటిమీద మెరిసే జాకెట్ ఉండాలి. మిగతావాళ్లందరూ కారులో కూర్చోకుండా రోడ్డు దిగి నిలబడాలి. కొమ్మలు, రాళ్లు పెట్టడం మన రోడ్ల మీద పాత అలవాటు. బండి బాగుపడగానే ఆ రాళ్లను అక్కడే వదిలేసి పోతుంటారు. చీకట్లో వాటికి తగిలి పడే మోటారుసైకిలు మనిషిని తలచుకుంటే నాకు కోపం, బాధ రెండూ వస్తాయి. త్రికోణం ఉన్నవాళ్లకు రాళ్లతో పనేముంది?

ఫోను చార్జింగు అయిపోతే నంబర్లన్నీ పోయినట్టే. ఒక కాగితం మీద ఇంటివాళ్ల నంబర్లు, అందరి బ్లడ్ గ్రూపులు, పెద్దవాళ్లు వాడే మందుల పేర్లు రాసి ప్లాస్టిక్ కవరులో వేయండి. ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033. ఇవి కూడా దాని మీదే రాయండి. పవర్‌బ్యాంకును మందుల్లాగే ఇంట్లోంచి తీసుకెళ్లి ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఎండలో కారులో వదిలేస్తే అంటుకోవచ్చు. లైటర్లు, సెంటు స్ప్రేలూ అంతే.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఈ ఉత్తరాన్ని వాళ్లకూ చదివి వినిపించండి. 2022 జనవరిలో వర్జీనియాలో మంచు పడి ఐ-95 రహదారి మీద వందల బండ్లు రాత్రంతా కదల్లేదు. కొందరు ఇరవై నాలుగు గంటలు దాటి ఇరుక్కుపోయారు. అక్కడి సంచిలో దుప్పట్లు, చేతి తొడుగులు, చిన్న పార ఉండాలి. హీటరు వేసుకునే ముందు వెనక సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇక్కడ కూడా మూసిన షెడ్డులో ఏసీ వేసుకుని కారులో పడుకోవడం అంతే ప్రమాదం.

మీ సంచి సర్దుకున్నాక అందులో ఏం పెట్టారో నాకు రాయండి. క్యాబులు, లారీలు నడిపే పాఠకులు మరీ ముఖ్యంగా రాయాలి. రోడ్డు మీద రాత్రులు గడిపినవాళ్లు మీరు, నాకు తట్టనివి మీ దగ్గర ఎన్నో ఉంటాయి. పసిపిల్లలతో ప్రయాణాలు చేసే తల్లులు కూడా రాయండి. పాలపొడి, వేణ్ణీళ్ల ఫ్లాస్కు, డైపర్లు అనేవరకే నాకు తెలుసు. వచ్చిన ఉత్తరాల్లోంచి పనికొచ్చేవి ఏరి వచ్చే నెల ఇక్కడే ఇస్తాను.

ఉంటాను,
మీ సంపాదకుడు