అనుభవం ఎవరిది?

'అనుభవం' అన్న మాట మీద స్త్రీవాదులకున్నంత మమకారం మరెవరికీ ఉండదేమో. మన కథలూ, కవిత్వమూ, విమర్శా దాని మీదే నిలబడ్డాయి. అదే మాట మానసిక చికిత్సలో వినబడినప్పుడు మాత్రం నాకు గుబులు పుడుతుంది.

గురజాలలో మిరప కోతలకి వెళ్లే మా పిన్ని ఏడాదిపాటు నిద్రపట్టక, ఒంట్లో సత్తువ లేక, 'నరాల బలహీనత' అనుకుని టానిక్కులు తాగింది. చివరికి గుంటూరులో ఒక కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్లాం. పావుగంట విని, "ఇంటాయనతో సర్దుకుపోవాలమ్మా" అన్నారు. ఏ పద్ధతిలో చికిత్స చేస్తారని నేనడిగితే, "ఆ పరిశోధనలన్నీ అమెరికా వాళ్లకి. మన ఆడవాళ్ల సంగతి నా ఇరవై ఏళ్ల అనుభవానికి తెలుసు" అన్నారు. పిన్ని మళ్లీ అక్కడికి రానంది.

ఈ ధోరణి ఆ ఒక్కరిదే కాదు. పరిశోధనలో నిగ్గుతేలిన పద్ధతుల పట్ల థెరపిస్టుల వైఖరిని కొలవడానికి గ్రెగరీ ఆరన్స్ 2004లో 15 వాక్యాల కొలమానమొకటి ప్రచురించాడు. పద్ధతి నచ్చితే వాడతారా, పైవాళ్లు ఆదేశిస్తే వాడతారా, కొత్తదాన్ని ప్రయత్నించడానికి సిద్ధమేనా, పరిశోధన కన్నా సొంత అనుభవమే మిన్న అనుకుంటారా అని అది నాలుగు వైపుల నుంచి చూస్తుంది.

వాళ్ల అనుమానంలో కొంత న్యాయముంది. డిప్రెషన్‌ని అంచనా కట్టే పీహెచ్‌క్యూ-9 పట్టిక, గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలు అడుగుతుంది. 'గుండె దడ', 'తల దిమ్ము', 'ఒళ్లు మంటలు' అనే మా ఊరి ఆడవాళ్ల భాష ఆ గళ్లలో ఇమడదు. మొగుడు కొడతాడా, కూలి డబ్బులు ఎవరి చేతికి పోతాయి అని అది అడగదు. భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యాన్ని స్త్రీవాద ఎజెండాగా భార్గవి దావర్ 1999లోనే పుస్తకం రాసి మన ముందు పెట్టింది ఇందుకే కదా.

అయితే పరిశోధనలన్నీ అమెరికావి కావు. గోవాలో సైకాలజీ చదవని స్థానికులకే శిక్షణ ఇచ్చి, తీవ్ర డిప్రెషన్ ఉన్నవాళ్లతో 6 నుంచి 8 సార్లు మాట్లాడించారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలలకి వాళ్లలో 64 శాతం మంది కోలుకున్నారు. మామూలు వైద్యం అందినవాళ్లలో కోలుకున్నది 39 శాతమే. ఆ సాయం పొందిన స్త్రీలలో భర్తల చేతి దెబ్బలు కూడా తగ్గినట్టు తేలింది. సర్దుకుపొమ్మనే సలహాకి ఇలాంటి పరీక్ష ఎప్పుడైనా జరిగిందా?

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2005లో ఇచ్చిన నిర్వచనంలో మూడు భాగాలున్నాయి: పరిశోధన, థెరపిస్టు నైపుణ్యం, వచ్చిన మనిషి సంస్కృతీ ఇష్టాయిష్టాలూ. పిన్ని ముందు కూర్చున్న కౌన్సిలర్ మొదటిదాన్ని తోసేశారు, మూడోదాన్ని అడగనే లేదు. ఇక మిగిలింది ఆయన అనుభవమొక్కటే. దాన్ని ప్రశ్నించే దారి పిన్నికి లేదు. పరిశోధననైతే ప్రశ్నించవచ్చు. ఎవరి మీద చేశారు, మాలాంటి వాళ్లు అందులో ఉన్నారా అని నిలదీయవచ్చు. మిరప చేలల్లో ఆడవాళ్లు తమ బాధకి పెట్టుకున్న పేర్లు ఆ ప్రశ్నల పట్టికల్లోకి ఎక్కాలని కూడా అడగవచ్చు. సాహిత్యం చదువుకున్న మనం ఆ పేర్లు సేకరించడంతో మొదలుపెట్టలేమా?