రూటర్ నా మాట నమ్మింది

నా చేతుల మీదుగా నెట్టు ఆగిపోయిన ఏ రోజునా రూటర్ చెడిపోలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది, అంతే. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట్లో కరెంటు మీద తోసేవాణ్ణి. లేకపోతే పైనుంచి లైను ఇచ్చేవాళ్ల మీద, అదీ కాకపోతే సందులో ఫైబర్ తెంపినవాళ్ల మీద. పాతబస్తీలో ఈ మూడింట్లో ఏది చెప్పినా జనం నమ్ముతారు. మూడూ తరచు జరిగేవే మరి.

గౌలిపురా, లాల్‌దర్వాజా, షాలిబండ వైపు ఇళ్లకీ దుకాణాలకీ ఇంటర్నెట్ ఇచ్చే ఒక చిన్న ఆపరేటర్ దగ్గర పనిచేస్తాను. పేరుకి నెట్‌వర్క్ ఇంజినీర్ని, చేసేది మాత్రం అన్ని పనులూ. మా సర్వర్ రూం ఒక దర్జీ కొట్టు మీది గది. అందులో ఫైబర్ తీగల్ని ఇళ్లకి పంచే ఒక ఓఎల్‌టీ, ఇన్వర్టర్ బ్యాటరీలు, ఆగకుండా తిరిగే ఒక ఫ్యాను, ఒక పాత ఆఫీసు కంప్యూటరు ఉంటాయి. ఆ కంప్యూటరే మా రూటరు.

అంతకుముందు మైక్రోటిక్ డబ్బా ఉండేది. లాట్వియాలో 1996లో మొదలైన ఆ కంపెనీ సరుకు మన చిన్న ఆపరేటర్లకు బాగా పరిచయం. కనెక్షన్లు పెరిగేసరికి రోజూ సాయంత్రం దాని ప్రాసెసర్ నూటికి నూరు చూపించసాగింది. పెద్ద డబ్బా కొనే స్తోమత మా ఓనరన్నకి లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోయి ఒక వాడిన కంప్యూటరు, నాలుగు పోర్టుల ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు తెచ్చి దాంట్లో వైఓఎస్ ఎక్కించాను. ఇది లినక్స్ మీద నడిచే రూటర్ సాఫ్ట్‌వేరు. 2005లో కాలిఫోర్నియాలో వయాటా అనే కంపెనీ మొదలుపెట్టిన పనికి ఇది కొనసాగింపు. 2012లో బ్రోకేడ్ అనే ఇంకో కంపెనీ దాన్ని కొన్నది. ఆ రూటర్ సాఫ్ట్‌వేరు ఉచిత రూపాన్ని కాపాడుకోవాలనుకున్నవాళ్లు 2013లో విడిగా వైఓఎస్ మొదలుపెట్టారు.

ఇంట్లో గోడకుండే తెల్ల డబ్బాకీ దీనికీ అసలు తేడా పోర్టుల దగ్గర తెలుస్తుంది. ఆ డబ్బా వెనక ఒక పోర్టుకి వేరే రంగు వేసి 'వ్యాన్' అని రాసి ఉంటుంది. బయటి లైను అందులో, మిగతావి లోపలికి. తప్పు చేసే అవకాశం తక్కువ. కంప్యూటర్ కార్డులో నాలుగు పోర్టులూ ఒక్క తీరుగా ఉంటాయి. తెర మీద వాటి పేర్లు ఈథ్-0, ఈథ్-1, ఈథ్-2, ఈథ్-3. ఏది బయటిదో ఏది లోపలిదో, ఏ పోర్టుకి ఏ అడ్రసో మనమే చెప్పాలి. మనం రాసే ప్రతి లైనూ 'ఈ తీగ అవతల ఫలానావాళ్లున్నారు' అని రూటర్‌కి చెప్పే ఒక మాట. నిజమో కాదో అది పోయి చూసిరాదు, నమ్ముతుంది. నేను దానికి అబద్ధాలు చెప్పాను, తెలియక.

పైనుంచి లైను ఇచ్చేవాళ్లు మా ఐపీ అడ్రసు మారుతోందనీ, కొన్నాళ్లు పాతదీ కొత్తదీ రెండూ పనిచేస్తాయనీ చెప్పారు. ఒక ఆదివారం పొద్దున ఉప్పుగూడలో మా ఇంట్లో కూర్చుని ఈ పని ముగిద్దామనుకున్నాను. ఆ రోజు లాల్‌దర్వాజా బోనాలు. ఇంటి నుంచి చేసే పనికి పండగతో ఏం సంబంధం అనుకున్నాను. ల్యాప్‌టాప్‌లోంచి రూటర్‌లోకి ఎక్కి ఈథ్-0 మీద పాత అడ్రసు డిలీట్ కొట్టాను, కొత్తది సెట్ చేశాను, కమిట్ అన్నాను.

తెర అలాగే ఉండిపోయింది. ఏ అక్షరం కొట్టినా పడలేదు. నేను ఆ రూటర్‌లోకి వచ్చిందే ఆ పాత అడ్రసు మీదుగా. కొత్త అడ్రసుతో మళ్లీ ఎక్కుదామని చూస్తే అదీ పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది, అడ్రసు మార్చాను గానీ డీఫాల్ట్ రూటు, అంటే బయటికి పోయే ప్యాకెట్లకి చూపే దారి, మార్చలేదు. అది ఇంకా పాత గేట్‌వే వైపే చూస్తోంది. కొత్త అడ్రసుతో కూర్చున్న రూటర్‌కి ఆ పాత గేట్‌వే అందదు, కాబట్టి బయటికి దారి లేదు.

ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, నెట్ వస్తలేదు" అని ఒకరు, "భాయ్, నెట్ బంద్ హై క్యా?" అని ఇంకొకరు. ఇంటికి చుట్టాలొచ్చిన రోజు, గుడి దగ్గరికి పోలేని ముసలివాళ్లు ఫోన్లో బోనాలు చూసుకునే రోజు. బండి తీశాను గానీ ఛత్రినాక దాటనివ్వలేదు. అక్కడ దింపి నడిచాను. బారికేడ్లు, డప్పులు, నెత్తిన బోనంతో నడిచే ఆడవాళ్లు, వాళ్ల ముందు కొరడా ఝళిపిస్తూ పోతరాజు. ఆ జనంలో ఒకణ్ణి తోసుకుని ముందుకు పోవడం మర్యాదా కాదు, సాధ్యమూ కాదు. చెమటతో గదికి చేరి, సీసీ కెమెరాల మానిటర్ పీకి రూటర్‌కి తగిలించి, కీబోర్డు పెట్టి, అన్నీ చేత్తో మళ్లీ కొట్టాను. నెట్టు వచ్చింది.

కిందికి దిగుతుంటే దర్జీ కాక అడిగాడు: "స్విచ్ బంద్ జేసి మళ్ల ఏస్తే గాదా బిడ్డా?"

నవ్వాను. "గట్ల గాదు కాకా, అది సెట్టింగు" అన్నాను.

ఆ రాత్రి వైఓఎస్ పుస్తకం తీరిగ్గా చదివితే కాక చెప్పిందే నిజమని తేలింది. వైఓఎస్‌లో కమిట్ అంటే నడుస్తున్న రూటర్‌కి మాత్రమే మార్పు చెప్పడం. డిస్కు మీది ఫైలులోకి ఎక్కాలంటే సేవ్ అని విడిగా కొట్టాలి. నేను సేవ్ కొట్టలేదు. గది తాళం ఉన్నది కాక దగ్గరే. ఫోన్ చేసి స్విచ్ ఆపి వెయ్యమంటే చాలు, రూటర్ పాత ఫైలు చదువుకుని పాత అడ్రసుతో లేచేది. నాలో ఉన్నది మైక్రోటిక్ అలవాటు. అక్కడ ఎంటర్ కొట్టగానే మార్పు అమల్లోకి వస్తుంది, నిలిచిపోతుంది కూడా. అందుకే అందులో సేఫ్ మోడ్ అని పెట్టారు. కంట్రోల్-ఎక్స్ నొక్కి పని మొదలుపెడితే, మధ్యలో కనెక్షన్ తెగినప్పుడు చేసిన మార్పులు వాటంతటవే వెనక్కి పోతాయి. డబ్బా వాడినన్నాళ్లూ నేను అది నొక్కలేదు, వైఓఎస్‌కి మారాక దాంట్లో దానికి సాటిది ఏముందని వెతకనూ లేదు. ఉంది, దాని పేరు కమిట్-కన్ఫర్మ్. మార్పు అమలు చేసి మామూలుగా 10 నిమిషాలు ఎదురుచూస్తుంది. ఆలోగా మనం కన్ఫర్మ్ అనకపోతే తనే రీబూటై పాత స్థితికి వస్తుంది. దారి తెగితే కన్ఫర్మ్ అనలేం గనక, ఆ అనలేకపోవడమే మనల్ని కాపాడుతుంది.

ఆ ఆదివారం ఇంకో తప్పు కూడా జరిగింది. అది బయటపడటానికి ఆలస్యమైంది.

పథర్‌గట్టీలో మా కస్టమర్ ఒకాయనకి బట్టల దుకాణం. చాంద్రాయణగుట్టలో గోడౌన్. గోడౌన్‌లో నెట్టు వేరే ఆపరేటర్ది. "అంతా వస్తున్నది భాయ్, గోడౌన్ కెమెరాలు మాత్రం దుకాణం నుంచి కనపడ్తలేవు. ఫోన్ డేటా మీద చూస్తే కనపడ్తున్నయ్" అన్నాడాయన. కెమెరా డబ్బా చూశాను, పోర్ట్ ఫార్వార్డింగ్ చూశాను, మా ఫైర్‌వాల్ చూశాను. ఎక్కడా లోపం దొరకలేదు. మిగతా ప్రపంచమంతా తెరుచుకుంటోంది కాబట్టి మా తప్పయ్యే అవకాశం లేదని తేల్చి, లోపం గోడౌన్ ఆపరేటర్ దగ్గరే ఉందని చెప్పేశాను. ఆయన పోయి వాళ్లతో పోట్లాడాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ఆపరేటరూ మేమూ పైన ఒకే కంపెనీ దగ్గర లైను తీసుకున్నాం. వాళ్ల అడ్రసూ మా అడ్రసూ దగ్గర దగ్గర అంకెలు, చివరి భాగం ఒక్కటే తేడా. పైవాళ్లు మాకిచ్చిన మాస్క్ /30. అంటే ఆ తీగ మీద ఉండేవి 4 అడ్రసులు, వాటిలో వాడుకోదగ్గవి 2, ఒకటి మాది, ఒకటి వాళ్ల గేట్‌వేది. బోనాల నాడు చిన్న మానిటర్ ముందు నిలబడి చేతి అలవాటు కొద్దీ నేను కొట్టింది /24. దాంతో ఆ తీగ అవతల 256 అడ్రసులు పక్కపక్కనే ఉన్నాయని రూటర్‌కి చెప్పినట్టయింది. గేట్‌వే ఆ 256లోనే ఉంది కాబట్టి బయటి ప్రపంచం మామూలుగానే నడిచింది. గోడౌన్ అడ్రసు కూడా ఆ 256లోదే. అందుకని దానికి పోవాల్సిన ప్యాకెట్టుని రూటర్ గేట్‌వేకి ఇవ్వలేదు. పక్కనే ఉన్నాడనుకుని తీగలోకి 'ఈ అడ్రసు ఎవరిది?' అని కేకేసింది. దీన్నే ఏఆర్‌పీ అంటారు. ఆ అడ్రసువాడు అక్కడ లేడు, జవాబు రాలేదు. ఏఆర్‌పీ పట్టిక తెరిచి చూస్తే గేట్‌వే ఎదురుగా మ్యాక్ అడ్రసు, అంటే ఆ పరికరం సొంత గుర్తు, ఉంది, గోడౌన్ ఎదురుగా ఖాళీ. నేను కెమెరాల చుట్టూ తిరిగినంతసేపూ ఆ ఖాళీ అక్కడే ఉంది.

24ని 30 చేశాను. కెమెరాలు వచ్చాయి. దుకాణానికి పోయి తప్పు మాదేనని చెప్పాను. "ఆ ఆపరేటర్ పిల్లగాణ్ణి మస్తు తిట్టిన భాయ్" అన్నాడాయన, నాకేసి చూడకుండా. ఆ మాట నాకు బోనాల నాటి నడక కంటే బరువుగా అనిపించింది. పూర్తిగా ఆగిపోయే తప్పుని ఎవరైనా పట్టుకుంటారు. నూటికి తొంభైతొమ్మిది పనిచేసే తప్పు ఇంకొకడి మీదికి పోతుంది.

తర్వాత ఒక వానాకాలం రాత్రి నెట్‌వర్క్ కార్డు పోయింది. అదే మోడల్ తెచ్చి అదే స్లాటులో పెట్టి, తీగలు అదే వరసలో గుచ్చాను. రూటర్ లేచింది గానీ ఈథ్-0 లేదు, కొత్త కార్డు ఈథ్-4 నుంచి మొదలైంది. వైఓఎస్ ఫైలులో ప్రతి ఇంటర్‌ఫేస్ పేరు కింద హెచ్‌డబ్ల్యు-ఐడీ అని ఒక లైనుంటుంది. అది ఆ పోర్టు మ్యాక్ అడ్రసు. ఈథ్-0 అనే పేరు పోర్టు ఉన్న చోటుకి కాదు, ఆ మ్యాక్‌కి కట్టి ఉంటుంది. పాతబస్తీలో ఇంటి నంబరుతో ఇల్లు దొరకదు. వాటాలు పంచుకుని మధ్యలో గోడలు లేచాక వార్డు, బ్లాకు, బై నంబర్లన్నీ కలగాపులగమై, మసీదు పక్కనా పిండిగిర్నీ ఎదురుగానా అని ఆనవాలు చెప్పుకోవాల్సిందే. ఈ ఇంటర్‌ఫేస్ పేర్లూ అంతే, వాటి ఆనవాలు మ్యాక్. ఫైలులో పాత మ్యాక్‌లు తీసేసి కొత్తవి రాశాను.

అయితే ఏ మ్యాక్ ఏ పోర్టుదో చూసుకోలేదు. ఎడమ నుంచి కుడికి 0, 1, 2, 3 అనుకున్నాను. ఆ కార్డులో వరస తిరగబడి ఉంది. మా ఆఫీసు కంప్యూటర్లకీ కెమెరాలకీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ పైకంపెనీ తీగ మీద కూర్చుంది. మావి కాని పరికరాలకి అడ్రసులు పంచడం మొదలుపెట్టింది. వాళ్లు మా పోర్టు మూసేసి ఫోన్ చేశారు. వాళ్లన్న మాటలు ఇక్కడ రాయను, అందులో అన్యాయం మాత్రం లేదు. లినక్స్‌లో ఈథ్‌టూల్‌కి మైనస్-పీ అని చెబితే ఆ పోర్టు లైటు టపటపా కొట్టుకుంటుంది. దాంతో ఒక్కో పోర్టునీ చూసి పేరు కాగితం అంటించాను. ముందే చేయాల్సింది.

రెండో లైను పెట్టినప్పటి సంగతి చిన్నది. అది పేరూ పాస్‌వర్డూ అడిగి కలిపే పీపీపీఓఈ మీద వచ్చేది. ఈథర్‌నెట్ ప్యాకెట్టు 1500 బైట్లయితే పీపీపీఓఈ తన తలకట్టు కోసం 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. ఆ లెక్క లోపలి వైపు చెప్పకపోవడంతో పింగ్ పోయేది, కొన్ని సైట్లు తెరుచుకునేవి, కొన్ని సగంలో వేలాడేవి. ఐపీకి 20, టీసీపీకి 20 తీసేసి, ఒక్కో ప్యాకెట్టులో పట్టే డేటా కొలత అయిన ఎంఎస్ఎస్‌ని 1452 అని బిగిస్తే తీరిపోయింది.

ఇప్పుడు మా రూటర్‌లో ఒక పోర్టు ఎవరికీ ఇవ్వను. దానికో సొంత అడ్రసు, అది మారదు. నెట్టు ఏమైపోయినా ల్యాప్‌టాప్ తీగ గుచ్చితే లోపలికి పోవచ్చు. దూరం నుంచి చేసే మార్పు ఏదైనా కమిట్-కన్ఫర్మ్‌తోనే. ఇక వేళ. రాత్రి 2 గంటలకి మరమ్మతులు పెట్టుకోవడం ఈ వృత్తిలో అందరి రివాజు. రంజాన్ నెలలో పథర్‌గట్టీలో రాత్రి 2 అంటే పట్టపగలు, బేరాలు సహరీ దాకా నడుస్తాయి. దుకాణాలు షట్టర్లెత్తేది పొద్దెక్కాకే. మాకు అనువైన వేళ తెల్లవారిన తర్వాత, పిల్లల ఆన్‌లైన్ క్లాసులకి ముందు.

అన్నిటికన్నా పనికొచ్చింది కంపేర్ అనే కమాండు. కమిట్‌కి ముందు అది కొడితే తీసేసే లైన్లు మైనస్‌తో, కలిపే లైన్లు ప్లస్‌తో చూపిస్తుంది. అది మొదటి రోజు నుంచీ ఉంది. నేనే చూసేవాణ్ణి కాదు, నేను కొట్టింది నాకు తెలుసు కదా అని. ఇప్పుడు మా దగ్గర కొత్తగా చేరిన పిల్లల్లో ఒకణ్ణి పక్కన నిలబెట్టి పైకి చదివిస్తాను. ఒక్కో లైనుకి మూడు ప్రశ్నలు: ఈ తీగ అవతల ఎవరు? వాళ్లిచ్చిన మాస్క్ ఎంత? మనం లోపలికొచ్చింది ఈ దారినేనా? మొన్న నేను కొట్టిన మార్పుని ఒక పిల్లవాడు చదువుతూ ఆగాడు. "అన్నా, ఈథ్-1 అంటే మన కస్టమర్ల లైను. పైకంపెనీ అడ్రసు దీని మీద ఎందుకు పెట్టినవ్?"

డిస్కార్డ్ కొట్టి మళ్లీ మొదలుపెట్టాను. కీబోర్డు వాడికిచ్చి చదవడం నేను తీసుకున్నాను.