సెక్యులర్ అంటే తిట్టా?

సెక్యులర్ అనే మాట నాకు మొదట తగిలింది రాజకీయాల్లో కాదు, బి.కాం. స్టాటిస్టిక్స్ పాఠంలో. ధరలు సీజన్‌ను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ఆ ఒడిదుడుకుల్ని పక్కనపెట్టి చాలా ఏళ్ల మీద ధరలు ఎటు పోతున్నాయో చూస్తే, దాన్ని సెక్యులర్ ట్రెండ్ అంటారు. ఇందులో మతమూ లేదు, దేవుడూ లేడు. మరి ఆ పేరెందుకు?

మూలం లాటిన్‌లోని సేక్యులమ్. ఒక తరం, ఒక యుగం అని అర్థం. క్రీ.పూ. 17లో అగస్టస్ రోములో జరిపిన సెక్యులర్ క్రీడలు యుగానికోసారి చేసే ఉత్సవాలు. అదీ దేవతలకు బలులిచ్చి! తర్వాత క్రైస్తవులు శాశ్వతమైన పరలోకానికి ఎదురుగా, కాలానికి లోబడిన ఈ లోకాన్ని ఆ మాటతో చెప్పారు. మఠంలో కాకుండా జనం మధ్య ఉండే ఫాదరీలను ఇప్పటికీ సెక్యులర్ క్లెర్జీ అనే అంటారు. 1842లో దైవదూషణ నేరం కింద ఆరు నెలలు జైలుశిక్ష పడిన జార్జ్ జాకబ్ హోలియోక్, 1851లో ఈ విశేషణం నుంచే సెక్యులరిజం అనే మాట తయారుచేశాడు. మంచిచెడ్డలను ఈ లోకపు అనుభవంతోనే తేల్చుకోవాలని ఆయన వాదన. మన 'లౌకిక' దీనికి చక్కగా అతికింది.

రెండేళ్ల క్రితం, డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణని మా అపార్ట్‌మెంటు లెక్కలు చూడమన్నారు. లిఫ్టుకీ, నీళ్ల మోటారుకీ వసూలు చేసిన మెయింటెనెన్స్ డబ్బులో హోమం ఖర్చు రాసి ఉంది. పూజకు విడిగా చందా వేసుకోండి, అందరి డబ్బు ముట్టకండి అన్నాను. "మీరు సెక్యులర్ కదండీ!" అని ఒకాయన వెటకారం చేశారు. ఎమర్జెన్సీలో దొడ్డిదారిన రాజ్యాంగంలో దూరిన మాట అని కూడా సెలవిచ్చారు.

అది సగం నిజం. పీఠికలో ఆ మాటను చేర్చింది 1976 నాటి 42వ సవరణే. కానీ 25వ అధికరణం తీసి చూడండి. మతాచారంతో ముడిపడిన ఆర్థిక, ద్రవ్య, రాజకీయ, ఇతర 'సెక్యులర్' కార్యకలాపాలను చట్టంతో నియంత్రించవచ్చని 1950 నుంచీ అందులో ఉంది. అంటే ఆ మాట 26 ఏళ్ల ముందే వచ్చింది. వచ్చి కూర్చున్నది కూడా డబ్బు వ్యవహారాల పక్కనే! లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని సుప్రీంకోర్టు 1994లో బొమ్మయ్ కేసులో చెప్పింది. పీఠికలోంచి ఆ మాట తీసేయాలన్న పిటిషన్లను 2024 నవంబరులో కొట్టేసింది.

హోమం ఖర్చు చివరికి చందాల్లోంచి తిరిగి జమ అయింది. ఆ తర్వాత నాకు మీటింగులకు పిలుపులు తగ్గాయి. పోనివ్వండి. పూజ ఎవరి ఇష్టం వారిది, పద్దు మాత్రం అందరిదీ. ఈ రెంటినీ విడదీసి చూపే మాట తిట్టు ఎలా అవుతుంది? మిమ్మల్ని ఎవరైనా అలా ఎగతాళి చేస్తే సంజాయిషీలు ఇవ్వకండి. అవునండీ అని, వోచరు అడగండి.