నేను వినని కచేరి

ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1964 నవంబరులో కీర్తిశేషులైనారు. అప్పటికి నాకు నాలుగేళ్లు. ఆయన ఫిడేలును ఎదుట కూర్చుండి వినే భాగ్యం నాకు లేకపోయినది.

మా నాన్నగారికి కలిగినది. విజయనగరంలో చదువుకొనే రోజులలో ఒక రాత్రి ఆయన కచేరి విన్నారు. పక్కవాద్యమైన ఫిడేలుకు సభ నడుమ పీట వేసిన మహానుభావుడాయన. "కమాను ఆగినా నాదం ఆగలేదురా" అని భోజనాల వేళ నాన్నగారు ఎత్తుకొనేవారు. "ఎన్నిమార్లు చెబుతారు?" అని నేను విసుగుకొనేవాడిని.

నేడు నాయుడుగారి పాత రికార్డులు వింటున్నాను. ఆ గ్రామఫోను పలకకు ఒకవైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. రాగం రెక్క విప్పేలోపే ముగిసిపోతుంది. మిగిలినదంతా నాన్నగారి జ్ఞాపకంలో ఉండేది. ఆ రాత్రి ఏ రాగం విస్తరించారో, మృదంగం ఎవరు వాయించారో నేను అడుగలేదు. నాన్నగారు గతించి పదకొండేళ్లైనది.

నాయుడుగారి కచేరి తప్పిపోవడం నా వయస్సు చేసిన లోపం. నాన్నగారి నోట దానిని వినకపోవడం నేను చేసిన లోపం.

మిత్రులారా, మీ యింట అటువంటి వృద్ధశ్రోత ఒకరుంటే, ముందు వెళ్లి అడగండి. వ్యాఖ్య తరువాత వ్రాయవచ్చు.