లీటరు డబ్బా - కిలో బియ్యం

ఈసారి గోడపత్రికకు కథ రాద్దామనుకున్నాను. కానీ నేను చేసిన ఒక తప్పు మనసులో గుచ్చుతూ వుంది. ముందు అది చెప్పుకుంటాను.

పోయిన నెల ఒక ఆదివారం కుక్ పెద్దమ్మకు జ్వరం వచ్చి రాలేదు. మెస్ లీడరును కాబట్టి బియ్యం నేనే కొలిచి కమాటి బాబాయికి ఇచ్చాను. ఆ పూట 120 మందిమి. తలకు 250 గ్రాముల లెక్కన 30 కిలోలు కావాలి. కొత్తగా 50 కిలోల బస్తా విప్పాము. కాటా బయటికి లాగడానికి బద్ధకం వేసింది. ఎదురుగా లీటరు డబ్బా కనపడింది. లీటరంటే కిలోయే కదా అనుకున్నాను. తలకొట్టి 30 డబ్బాలు కొలిచి, రిజిస్టరులో 30 కిలోలు అని రాసేశాను.

మధ్యాహ్నం చివరి వరస దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ! కూర్చున్నవాళ్లు 3, 4 తరగతుల తమ్ముళ్లు. కంచాలు పట్టుకుని మా ముఖాలు చూస్తున్నారు. పెద్దవాళ్లం తలా పిడికెడు తీసి వాళ్లకు పెట్టాము.

"అన్ని బియ్యం ఏమైపోయాయి?" అని గుసగుసలు మొదలయ్యాయి. "బాబాయే పక్కన పెట్టుకున్నాడేమో" అని నలుగురిలో నేనే అన్నాను. ఆ మాట ఆయన చెవిన పడింది. ఏమీ అనలేదు. రాత్రి అందరికీ వడ్డించి, తను తినకుండానే ఇంటికి పోయాడు.

మర్నాడు పెద్దమ్మ వచ్చింది. సంగతి విని, మిగిలిన బస్తాను కాటా మీద పెట్టించింది. "పుస్తకం ప్రకారం 20 వుండాలి. ఇక్కడ 25 వున్నాయేంట్రా?" అంది. తర్వాత డబ్బాను తలకొట్టి నింపి, ఆ బియ్యం మాత్రమే తూచింది. 830 గ్రాములు! 30 డబ్బాలంటే 24 కిలోల 900 గ్రాములే. సుమారు 5 కిలోలు బస్తా దాటి బయటికే రాలేదు. అది 20 మంది అన్నం.

లీటరు కిలో తూగేది నీళ్లు. బియ్యం గింజల మధ్య సందుల్లో గాలి వుంటుంది కదా, అందుకే లీటరు బియ్యం 800 నుండి 850 గ్రాముల దాకానే తూగుతాయి. అటుకులైతే ఇంకా తేలిక. కాబట్టి ముందు ఒక్క డబ్బా తూచుకోవాలి. కావలసిన బరువును దానితో భాగించాలి. 30,000ను 830తో భాగిస్తే 36 డబ్బాలు. రాశి పోసి కొలిస్తే లెక్క మళ్లీ మారిపోతుంది. బియ్యం రకం మారినా మళ్లీ తూచాలి.

"మరి నువ్వు రోజూ డబ్బాతోనే కొలుస్తావు కదా, పెద్దమ్మా?" అని అడిగాను.

"పుస్తకానికి కాటా, ఎసరుకు డబ్బా" అంది. డబ్బా బియ్యానికి అదే డబ్బాతో రెండు డబ్బాల నీళ్లు. పాత బియ్యమైతే ఇంకాస్త ఎక్కువ. ఎసరుకు కిలోలతో పనిలేదు.

మా అవ్వకు కాటా తెలీదు. 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం, అదే ఆమె లెక్క. సంతలో మనవాళ్ల దగ్గర కొనేటప్పుడు కుంచం రాశి పోయించుకునేవాళ్లట. మనకు అమ్మేటప్పుడు తలకొట్టేవాళ్లట. దేశమంతా ఒకే కొలత వుండాలని 1956లో చట్టం వచ్చింది. కొలతలో మోసపోయిన అవ్వకు మనవణ్ణి నేను. అలాంటి నేనే కొలత తెలియక ఒక మంచి మనిషిని దొంగను చేశాను.

ఇప్పుడు ఆ డబ్బా మీద రంగుతో "తలకొట్టి 830 గ్రా." అని రాసి పెట్టాను. అన్నం తక్కువైతే ముందు కొలతను అనుమానించండి, మనిషిని కాదు.

బాబాయ్, నీకు చదువు రాదని తెలుసు. అందుకే ఈ కాగితం గోడకు అంటించే ముందు నీ దగ్గర కూర్చుని చదివి వినిపిస్తాను. నన్ను క్షమించు.

ఇట్లు,
మెస్ లీడర్, 9వ తరగతి