బీచ్ లేని గోవా... ఓ ఉత్తరం వెంట!

గోవా అంటే మనకి ఒకటే సీన్. ముందు వాట్సాప్ గ్రూప్, దానికో వెరైటీ పేరు, ఆ తర్వాత ఏడాదిపాటు వాయిదాలు. తీరా వెళ్లామా... బాగా, కలంగుట్, అంజునా. అద్దె స్కూటీ, బీచ్ పక్కన షాక్, సన్‌సెట్ సెల్ఫీ. 2018లో వచ్చిన ‘ఈ నగరానికి ఏమైంది’లో నలుగురు ఫ్రెండ్స్ తాగిన మత్తులో గోవా చేరిపోయాక ఈ ప్లాన్‌కి తెలుగునాట అధికారిక ముద్ర కూడా పడిపోయింది!

మరి గోవాలోనే మొదలై గోవాలోనే ముగిసే రోడ్ ట్రిప్ సినిమాలో ఈ సందడేదీ లేకపోతే? అదే ‘ఫైండింగ్ ఫ్యానీ’. 2014 సెప్టెంబరులో వచ్చింది. దర్శకుడు హోమీ అదజానియా. దీపికా పదుకొణె, అర్జున్ కపూర్, నసీరుద్దీన్ షా, డింపుల్ కపాడియా, పంకజ్ కపూర్... తారలకి లోటు లేదు. తీరు మాత్రం పక్కా ఇండీ. ఇంగ్లిష్‌లో తీసి, హిందీలోకి డబ్ చేశారు. డ్యాన్సుల్లేవు, ఫైట్లు లేవు.

కథ చిన్నదే. ఫెర్డీ అనే ముసలి పోస్ట్‌మ్యాన్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఫ్యానీకి ప్రేమలేఖ రాశాడు. జవాబు రాలేదు కాబట్టి కాదందనే అనుకున్నాడు. 46 ఏళ్ల తర్వాత తెలిసిందేమిటంటే ఆ ఉత్తరం ఆమెకి చేరనే లేదు! ఊళ్లో వాళ్ల ఉత్తరాలన్నీ అందించినవాడిది మాత్రం అందలేదన్నమాట. ఇక ఓ పాత కారు, అయిదుగురు మనుషులు, ఎక్కడుందో తెలియని ఫ్యానీ.

ఈ సినిమా చూసినవాళ్లు రెండు జట్లు. మొదటి జట్టుది ఒకటే మాట: ‘ఏమీ జరగదు బాస్!’ రెండో జట్టు దగ్గరికెళ్తే, ‘ఏమీ జరగకపోవడమే కదా మజా’ అంటారు. ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు అన్నం తిని, ఫ్యాన్ కింద పడుకుని చూడాల్సిన సినిమా అని వీళ్ల సర్టిఫికెట్. మూడో మాట కూడా ఉంది. డింపుల్ చేసిన రోజీ పాత్ర ఒళ్లు మీద అన్ని జోకులు అవసరమా అని. ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. అంత మంచి నటి చేతిలో ఉండి కూడా కొన్నిచోట్ల నవ్వు చౌకబారుగానే వచ్చింది.

అయితే మొదటి జట్టు కంప్లయింట్‌కి జవాబు థియేటర్లో దొరకదు. గోవాలో, సముద్రానికి కాస్త ఇవతల దొరుకుతుంది.

సినిమాలోని పోకోలిమ్ కోసం మ్యాప్‌లో వెతకొద్దు, అది కల్పిత ఊరు. దానిలాంటి ఊళ్లు మాత్రం బోలెడు. పాత గోవా రేవులో ఫెర్రీ ఎక్కితే మాండవి నది దాటి దివార్ దీవికి చేరొచ్చు. నడిచి ఎక్కేవాళ్లకి టికెట్ లేదు, బైక్‌తోనూ ఎక్కొచ్చు. అవతల వరి చేలు, కొండ మీద తెల్లటి చర్చి. ఇళ్ల ముందు ‘బల్కావ్’ ఉంటుంది. అంటే మన ఊళ్లలో వీధి అరుగే! కూర్చోవడానికి, వీధిలో వెళ్లేవాళ్లని పలకరించడానికి. కొన్ని పాత ఇళ్ల కిటికీలకి గాజు బదులు పల్చటి ఆల్చిప్పలు బిగించి ఉంటాయి. పొద్దున్నే సైకిల్ మీద హారన్ కొట్టుకుంటూ బ్రెడ్ అమ్మేవాడు వస్తాడు. మధ్యాహ్నం అయ్యేసరికి చాలా షాపులు మూతే. ఈ తీరుబడికి వాళ్ల పేరు ‘సుసెగాద్’, పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. అక్కడ ఓ పూట కూర్చుంటే సినిమా నెమ్మది ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ సినిమా చూపించనిది ఒకటుంది. తెర మీద ఆ ఊరు కాలం ఆగిపోయినట్టు ముద్దుగా ఉంటుంది. నిజం ఊళ్లో తాళం వేసిన పెద్ద పెద్ద ఇళ్లు కనిపిస్తాయి. 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ నుంచి వచ్చిన వారసత్వ పద్ధతి గోవాలో ఇప్పటికీ నడుస్తోంది. దాని ప్రకారం పిల్లలందరికీ వాటా. వాటాదారుల్లో ఒకరు ముంబైలో, ఒకరు గల్ఫ్‌లో, మరొకరు లిస్బన్‌లో ఉంటే సంతకాలు కలిసేదెప్పుడు? ఇంటి పెంకులు జారిపోతుంటాయి. 1961కి ముందు అక్కడ పుట్టినవాళ్లు, వాళ్ల పిల్లలు పోర్చుగల్ పౌరసత్వం తీసుకోవచ్చు కాబట్టి వెళ్లిపోయే దారీ తెరిచే ఉంది. ఇక అమ్ముడైన ఇళ్లు అసగావ్ లాంటి చోట్ల విల్లాలుగా, రెస్టారెంట్లుగా మారిపోతున్నాయి.

మనం కూడా తక్కువ తినలేదు. ‘డియర్ జిందగీ’లో కనిపించిన పర్రా ఊరి కొబ్బరిచెట్ల రోడ్డు సెల్ఫీ స్పాట్ అయిపోయింది. 2019లో పంచాయతీ అక్కడ ఫొటోలకి పన్ను పెట్టి, గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. పణజిలోని ఫాంటెయిన్యాష్ వీధుల్లోనూ రంగుల ఇళ్ల ముందు ఫోజుల గోలే. లోపల మనుషులున్నారు, వాళ్లకీ మధ్యాహ్నం నిద్ర కావాలి అన్న సంగతి గుర్తుండదు.

కాబట్టి ఈసారి గోవా ప్లాన్ వేస్తే ఒక్క రోజు బీచ్‌కి సెలవిచ్చేయండి. 2024 అక్టోబరు నుంచి సికింద్రాబాద్‌లో ఎక్కితే వాస్కోలో దిగే రైలు వారానికి రెండుసార్లు ఉంది, దారిలో దూద్‌సాగర్ ఘాట్ బోనస్. దివార్‌లో స్కూటీ స్పీడు తగ్గించండి. బల్కావ్‌లో ముసలాయన కనిపిస్తే ఫోన్ తీయకముందు ఓ నమస్కారం పెట్టండి. ఇంటిని ఫొటో తీయాలనుంటే అడిగి తీయండి.

ఇంకో పని కూడా ఉంది. ఫెర్డీకి 46 ఏళ్లు పట్టింది ఉత్తరం అందలేదని తెలుసుకోవడానికి. మనకి బ్లూ టిక్ సెకన్లలో కనిపిస్తుంది. అయినా టైప్ చేసి, చెరిపేసి, పంపకుండా వదిలేసిన మెసేజ్ ఒకటి మీ ఫోన్లోనూ ఉండే ఉంటుంది. ఫెర్రీ అవతలి ఒడ్డుకి చేరడానికి కొన్ని నిమిషాలే పడుతుంది. ఆ మెసేజ్ పంపడానికి అది సరిపోతుంది.