చెరువుకు జబ్బు.. ఇంజన్‌కు జ్వరం!

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని పడమటికి పోతుంటే, నగరం హోరు కాస్త సద్దుమణిగాక మొయినాబాద్ వస్తుంది. అదే దారి చేవెళ్లకు. ఒకవైపు మూసీ మీద కట్టిన ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట. మరోవైపు ఈసీ మీద కట్టిన హిమాయత్ సాగర్. చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి బయటికొచ్చిన కుటుంబాలకు గండిపేట గాలి ఉచిత ప్రసాదం!

ఆ నీళ్లు చూడగానే పిల్లలు అడిగే మొదటి మాట... 'పడవెక్కుదామా నాన్నా?' అని. పడవ షికారనగానే నగరవాసికి గుర్తొచ్చేది మాత్రం హుస్సేన్ సాగర్. చరిత్ర తిరగేస్తే ఈ రెండు చోట్లకూ చుట్టరికం ఉంది. 1562లో తవ్విన హుస్సేన్ సాగర్‌కు మూసీ నీళ్లు తెచ్చింది శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చే బుల్కాపూర్ కాల్వ. అంటే ఈ ఎగువ ప్రాంతపు నీళ్లే ఒకప్పుడు ఆ చెరువునూ నింపాయి. ఇప్పుడు ఆ రెండు నీళ్లకూ ఎంత తేడా ఉందో పడవ ఇంజన్‌ను అడిగితే చెబుతుంది.

చెరువే రేడియేటర్

కారుకూ ట్రాక్టర్‌కూ ముందు రేడియేటర్ ఉంటుంది. స్పీడ్ బోటు వెనక తగిలించే ఇంజన్‌కు అది ఉండదు. చుట్టూ చెరువు ఉండగా వేరే నీళ్లెందుకు? నీటిలో మునిగి ఉండే కింది భాగంలో చిన్న రంధ్రాలుంటాయి. లోపల రబ్బరు రెక్కల చక్రం ఒకటి తిరుగుతూ వాటిగుండా నీళ్లను పైకి తోడుతుంది. దాని పేరు ఇంపెల్లర్. ఆ నీళ్లు ఇంజన్ వేడిని మోసుకుని మళ్లీ చెరువులోకే పోతాయి. అందులో కొంత సన్నని ధారగా పక్కనుంచి చిమ్ముతుంది. అనుభవమున్న డ్రైవర్ చూపు ఎప్పుడూ ఆ ధార మీదే. రోగి నాడి చూసినట్టన్నమాట!

అంటే ఇంజన్ తాగేది తాను తేలుతున్న నీళ్లనే. నీళ్లు బాగుంటే ఇంజన్ బాగుంటుంది. గుర్రపుడెక్క వేళ్లో, ప్లాస్టిక్ సంచో ఆ రంధ్రాలకు అడ్డుపడితే నిమిషాల్లో జ్వరమొచ్చేస్తుంది. హుస్సేన్ సాగర్ లాంటి నగర చెరువుల్లో ఈ రెండింటికీ కొదవలేదు.

నడి చెరువులో బజర్ మోగితే...

ఉన్నట్టుండి హెచ్చరిక బజర్ మోగుతుంది. నీటి ధార సన్నబడుతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు 'ఒడ్డు దగ్గరే కదా' అని లాగించడం పెద్ద తప్పు. వేడికి పిస్టన్ పట్టేస్తే ఇంజన్ మొత్తం షెడ్డుకే. ముందు వేగం తగ్గించాలి. ధార రాకపోతే ఇంజన్ ఆపేయాలి. గాలికి పడవ కొట్టుకుపోయే ప్రమాదముంటే లంగరు వేయాలి. పైకెక్కేటప్పుడు 'ఉక్కగా ఉంది' అంటూ లైఫ్ జాకెట్ పక్కన పెట్టినవాళ్లకు దాని విలువ తెలిసేది ఇప్పుడే.

తర్వాత ఇంజన్‌ను పైకి లేపి చూడాలి. నూటికి ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు... రంధ్రాలకు అతుక్కున్న కవరో, నాచో. తీసేశాక, ఇంజన్ చల్లారాక స్టార్ట్ చేస్తే ధార మళ్లీ వస్తుంది. కాలుతున్న ఇంజన్ మీద చల్లనీళ్లు గుమ్మరించడం మాత్రం తగదు, లోహం చిట్లిపోవచ్చు.

కింద శుభ్రంగా ఉన్నా ధార రాలేదా? అది చిమ్మే రంధ్రంలోనే మట్టి పేరుకుని ఉండొచ్చు. సన్నని తీగతో పొడిస్తే సరి. అదీ కాకపోతే ఇంపెల్లర్ రెక్కలు అరిగాయనో, థర్మోస్టాట్ మూసుకుపోయిందనో అనుమానించాలి. ఆ పని ఒడ్డున మెకానిక్‌ది. ఒడ్డున ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నీళ్లు అందించకుండా 'ఒక్కసారి' అని స్టార్ట్ చేసినా రబ్బరు రెక్కలు ఎండి కాలిపోతాయి. లోతు తగ్గిన చోట బురద తోడినా అంతే సంగతులు.

మనిషికి జాలీ ఏదీ?

ఇంజన్ సంగతి సరే. రంధ్రం శుభ్రం చేస్తే తేరుకుంటుంది. అదే నీళ్లు మనిషి తాగాల్సి వస్తే?

1908 మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, మళ్లీ అలాంటిది రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఈ జలాశయాలకు రూపకల్పన జరిగింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడంతో పాటు తరాల తరబడి నగరం గొంతు తడిపాయి. పరీవాహక ప్రాంతంలో 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, భారీ నిర్మాణాలు రాకుండా 1996లో ప్రభుత్వం 111 జీవో తెచ్చింది. దాని పరిధి 84 గ్రామాలు. పక్కన భూముల ధరలు ఆకాశాన్నంటుతుంటే తమకే ఎందుకీ కట్టుబాటని మొయినాబాద్, చేవెళ్ల రైతులు చాలా ఏళ్లు అడిగారు. వారి బాధలో న్యాయముంది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలను తొలగించారు. అయితే నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు పెట్టారు.

ఆ షరతు నిలబడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. హుస్సేన్ సాగర్ కూడా ఒకప్పుడు తాగునీటి చెరువే. దానిలోకి ఒక్క రోజులో మురుగు చేరలేదు. ఒక్కో కాలనీ, ఒక్కో ఫ్యాక్టరీ, ఒక్కో నాలా... అలా చేరింది.

చిలుకూరు నుంచి ఇంటికి మళ్లేటప్పుడు చేతిలోని చిప్స్ కవర్ విసిరేయబోయే పిల్లాడికి ఈ పడవ కథ చెప్పి చూడండి. కవర్ తిరిగి జేబులోకి వెళ్తుంది!